మన బుజుర్గుల దవాఖానా ఖర్చు: ఏ కార్డు, ఏ పాలసీ?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతులును. ఇరవై ఏళ్లుగా అలిఫ్, బే చెప్పుకుంటూ వస్తున్నవాణ్ణి. తెలుగులో ప్రసంగించమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినప్పుడు కొంచెం జంకిన మాట నిజం. కాని ఆయన చెప్పిన కారణం విన్న తరువాత కాదనలేకపోయాను. "మాస్టర్ సాబ్, మన దరఖాస్తులన్నీ తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. మన ఇళ్లలో వాటిని చదివేది పిల్లలు. ఆ పిల్లలకు అర్థమయ్యేటట్టు చెప్పండి" అన్నారు. కాబట్టి నా తెలుగులో తప్పులుంటే మన్నించి, విషయం మాత్రం పట్టుకోండి.

విషయం ఏమిటంటే, మన ఇంటి పెద్దవాళ్లకు సుస్తీ చేస్తే ఖర్చు ఎవరు భరించాలి? ఇప్పటి వరకు మన పద్ధతి మీకందరికీ తెలిసిందే. జుమా నమాజు అయినాక ఒకరు లేచి నిలబడి, ఫలానా సోదరుడు హైదరాబాదులో దవాఖానాలో ఉన్నాడు, సాయం చేయండి అంటారు. రుమాలు పరుస్తాము. పదులు, వందలు పడతాయి. ఆ రుమాలును నేను తక్కువ చేసి మాట్లాడను. ఆ రుమాలు మా ఇంటి కోసం కూడా ఒకసారి పరచబడింది. కాని రుమాలులో వేలు పడతాయి, దవాఖానాలో లక్షలు అడుగుతారు. ఆ తేడా గురించే నేను మాట్లాడదలచాను.

మా మేనమామ సంగతి చెబుతాను. ఆయన అనుమతి తీసుకునే చెబుతున్నాను. ఆయన మూడో వరుసలోనే కూర్చున్నారు, చూడండి, నవ్వుతున్నారు. మామూజాన్ సౌదీలో ముప్పై ఏళ్లు డ్రైవరుగా పనిచేసి 2017లో ఊరికి వచ్చేశారు. అక్కడ ఉన్నన్నాళ్లు కంపెనీ బీమా ఉండేది. కడుపు నొచ్చినా, కన్ను నొచ్చినా కార్డు చూపించి మందులు తెచ్చుకునేవారు. ఇఖామా పోయిన రోజున ఆ బీమా కూడా పోయింది. ఇక్కడికొచ్చి రోడ్డు మీద చిన్న దుకాణం పెట్టుకున్నారు. దుకాణం మీద వచ్చేది ఇంటి ఖర్చుకు సరిపోయేది, అంతే.

అప్పుడు నేను చేసిన మొదటి తప్పు చెప్పాలి. మామీజాన్ రేషన్ కార్డు కోసం దరఖాస్తు పెడదామంటే, నేను చదువుకున్నవాణ్ణి కదా, "మనకు ఆ రేషన్ బియ్యం ఎందుకు? సౌదీ నుంచి వచ్చినవాళ్లు డీలరు ముందు సంచి పట్టుకుని నిలబడతారా?" అన్నాను. మామూజాన్‌కు కూడా అదే నచ్చింది. బియ్యం కోసం నిలబడటం నామోషీ అనుకున్నాము. అది బియ్యం కార్డు మాత్రమే కాదు, దవాఖానా కార్డు కూడా అన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

రెండో తప్పు 2018లో. ఒక ఏజెంటు ఇంటికి వచ్చి ఆరోగ్య పాలసీ ఇచ్చాడు. మామూజాన్‌కు అప్పటికే ఆరేళ్లుగా షుగరు ఉన్నది. ఏజెంటు, "చాచా, షుగరు సంగతి రాయొద్దు. రాస్తే ప్రీమియం పెరుగుతది, పాలసీ కూడా రాకపోవచ్చు. రెండేళ్లు పోతే ఎవ్వరూ అడగరు" అన్నాడు. ఫారం అతనే నింపాడు. మామూజాన్ ఉర్దూలో దస్తఖత్ చేశారు. పక్కన కూర్చుని టీ తాగినవాణ్ణి నేను. ఒక్క ప్రశ్న అడగలేదు.

2020 డిసెంబరులో తెల్లవారుజామున ఛాతీలో నొప్పి వచ్చింది. నిజామాబాదు తీసుకుపోతే, అక్కడినుంచి హైదరాబాదుకు పంపించారు. రెండు స్టెంట్లు వేశారు. బిల్లు 3 లక్షల 40 వేలు. పాలసీ కాగితం ఇచ్చాము. దవాఖానావాళ్లు రోగిని అడిగి రాసుకున్న వివరాలలో "షుగరు 8 సంవత్సరాలు" అని ఉన్నది. ఫారంలో "లేదు" అని ఉన్నది. బీమావారు ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఒక్క పైసా ఇవ్వమన్నారు. పాలసీ రద్దు చేశారు. ఏజెంటు ఫోను ఎత్తలేదు. మామీజాన్ గాజులు పోయినవి, మంజీర వైపు ఉన్న జాగా పోయింది, మిగిలింది మీ రుమాలు తీర్చింది. అల్లా దయవల్ల మనిషి మిగిలాడు.

బీమావారిని తిట్టటం తేలిక. నేను కూడా చాలా రోజులు తిట్టాను. తరువాత ఆ ఫారం నకలు తెప్పించి చదివాను. అడగవలసిన ప్రశ్న వాళ్లు స్పష్టంగా అడిగారు. అబద్ధం మన చేతి కింద ఉన్నది. ఆ రోజు నుంచి ఈ కార్డులు, పాలసీల కాయిదాలు కనపడిన చోటల్లా చదవటం నాకు అలవాటైంది. ఆ అలవాటులో తెలుసుకున్నదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

మొట్టమొదట సర్కారు కార్డు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలయింది. 2008కల్లా రాష్ట్రమంతా వచ్చింది. అప్పుడు ఒక కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు. 2018 సెప్టెంబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ పెట్టి కుటుంబానికి 5 లక్షలు అన్నది. తెలంగాణ 2021లో అందులో చేరింది. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు అయింది. గుండె ఆపరేషను, క్యాన్సరు, కిడ్నీ డయాలిసిస్, ఇట్లాంటివి 1800కు పైగా చికిత్సలు జాబితాలో ఉన్నవి. మామూజాన్ స్టెంట్లు కూడా అందులోనివే. కార్డు ఉంటే ఒక్క రూపాయి కట్టనవసరం లేకపోయేది.

ఇక్కడ మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఈ పథకానికి ప్రీమియం లేదు, షుగరు ఉన్నదా, బీపీ ఉన్నదా అన్న పేచీ లేదు, పాత రోగానికి మూడేళ్లు ఆగమనే నిబంధన లేదు. బజారులో ఏ పాలసీ కూడా ఈ మూడూ ఒక్కచోట ఇవ్వదు. కాబట్టి అర్హత ఉన్నవాడు ముందు ఈ తలుపే తట్టాలి. ఇంటికి వచ్చిన ఏజెంటు ఈ మాట చెప్పడు, అతనికి ఇందులో కమీషను లేదు గదా.

లోటుపాట్లు లేవా? ఉన్నవి. మంచాన చేరి చేయించుకునే చికిత్సకే తప్ప, నెలనెలా మింగే బీపీ, షుగరు మాత్రలకు ఇది పనికిరాదు. వాటికి మన సర్కారు దవాఖానాకే పోవాలి. జాబితాలో లేని దవాఖానాకు పోతే కార్డు చెల్లదు. ముందు మనం పైసలు కట్టేసి, తరువాత బిల్లు పెట్టుకుందామంటే కుదరదు. అప్పుడిక ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడాలి, వచ్చేది కొంత మాత్రమే. కాబట్టి రోగిని దింపగానే చేయవలసిన మొదటి పని ఆరోగ్యమిత్ర బల్ల ఎక్కడున్నదో అడగటం. సందేహం ఉంటే 104కు ఫోను చేయండి. ఇంకొక సంగతి కూడా దాచకూడదు. సర్కారు నుంచి బకాయిలు రాలేదని 2025 సెప్టెంబరులో ప్రైవేటు దవాఖానాలు కొన్ని రోజులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపివేశాయి. అట్లాంటి రోజున నిమ్స్, గాంధీ, ఉస్మానియా వంటి సర్కారు దవాఖానాలే దిక్కు. వాటిని చిన్నచూపు చూడకండి.

ఇక మన ఇళ్లలో అసలు గండం కార్డు దగ్గర కాదు, పేరు దగ్గర వస్తుంది. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి. ఎందుకంటే ఈ నేరంలో మా పంతుళ్లకు కూడా వాటా ఉన్నది.

ఒకే మనిషి. ఆధార్‌లో మొహమ్మద్, రేషన్ కార్డులో ఎండీ, బ్యాంకులో మహ్మద్. సయ్యద్ ఒక కాగితంలో ఎస్‌డీ అవుతాడు, షేక్ ఎస్‌కే అవుతాడు. తల్లులకు పెళ్లికి ముందు బీ, పెళ్లయ్యాక బేగం. నసీర్, నాసిర్ ఉర్దూలో రెండు వేరు వేరు పేర్లు. మన గుమాస్తా చేతిలో రెండూ ఒకటే. అది మొదలయ్యేది ఎక్కడ? బడి రిజిస్టరులో. తల్లి పిల్లవాణ్ణి చేయి పట్టుకుని తీసుకువస్తుంది. పుట్టిన తేదీ ఏదమ్మా అంటే, "బక్రీద్ తరువాత, వానలు పడ్డ సాలు" అంటుంది. మేము ఏదో ఒక తేదీ వేసేస్తాము. మన బుజుర్గుల ఆధార్ కార్డులు తీసి చూడండి, సగం మంది జనవరి 1న పుట్టారు! నవ్వులాటకు బాగానే ఉంటుంది. కాని అరవై తొమ్మిదా, డెబ్బయ్యా అన్నది అయిదు లక్షల ప్రశ్న అయినప్పుడు ఆ నవ్వు ఆగిపోతుంది.

ఎందుకంటే 2024 అక్టోబరు 29న కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలుపెట్టింది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేదు, తెల్ల కార్డు ఉండనవసరం లేదు, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. భార్యాభర్తలిద్దరూ డెబ్బయి దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. వయసుకు ఆధారం ఆధార్ కార్డు ఒక్కటే. ఇంతకుముందే ఆయుష్మాన్‌లో ఉన్న కుటుంబంలోని డెబ్బయి దాటిన పెద్దలకు ఇది అదనపు 5 లక్షలు, దీన్ని ఇంట్లో చిన్నవాళ్లతో పంచుకోనవసరం లేదు. ప్రైవేటు పాలసీ ఉన్నవారు, ఈఎస్ఐ ఉన్నవారు కూడా తీసుకోవచ్చు. అయితే కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ ఉన్నవారు మాత్రం అదో ఇదో ఒకటి ఎంచుకోవాలి. మన ఊళ్లో ఫౌజులో పనిచేసి వచ్చిన పెద్దలు ఒకరిద్దరున్నారు, వాళ్లు తొందరపడి ఉన్నది వదులుకోవద్దని నా మనవి. మామూలు మందులు, డాక్టరును చూపించుకోవటం అక్కడ దొరుకుతుంది, ఇక్కడ దొరకదు.

కార్డు చేతికి రావటం వేరు, మనం పోయే దవాఖానా దాన్ని తీసుకోవటం వేరు. 14555కు ఫోను చేసి, నిజామాబాదులో ఏ దవాఖానా, హైదరాబాదులో ఏ దవాఖానా అని అడిగి, కాగితం మీద రాసి, కార్డుతోపాటు పెట్టుకోండి. సుస్తీ చేసిన రాత్రి అడగవలసిన ప్రశ్న కాదది.

ఇప్పుడు అసలు చిక్కు ఎవరిదంటే, మధ్యలో ఉన్నవారిది. అరవై దాటారు, డెబ్బయి నిండలేదు, తెల్ల కార్డుకు అర్హత లేదు. చిన్న దుకాణదారులు, లారీ ఉన్నవారు, గల్ఫ్ నుంచి వచ్చి రెండంతస్తుల ఇల్లు కట్టుకుని చేతిలో పైసా మిగలనివారు. ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలో ఫ్లోరిడా సముద్రతీరాన రిటైరైనవారు చేరే ఊళ్లున్నవి. అక్కడ 65 నిండితే మెడికేర్ అనే సర్కారు బీమా వస్తుంది. అరవైకే ఉద్యోగం మానినవాడు ఆ అయిదేళ్లు ఏం చేయాలి? 2010 చట్టం ప్రకారం పెట్టిన బీమా బజారులో కొనుక్కోవాలి. ఆదాయాన్ని బట్టి ప్రీమియంలో కొంత సర్కారు కడుతుంది. అక్కడ కూడా తక్కువ ప్రీమియం చూసి మోసపోయేవారు ఉంటారట. ప్రీమియం తక్కువైన ప్లానులో ముందు జేబులోంచి పెట్టవలసింది వేల డాలర్లుంటుంది. మనకున్న తేడా ఏమిటంటే, ఈ మధ్యలో ఉన్నవారికి ఇక్కడ సర్కారు ప్రీమియంలో సాయం చేయదు. చేసిందల్లా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తివేయటం. అది కూడా చిన్నది కాదు, 30 వేల ప్రీమియం మీద 5,400 రూపాయలు.

కొనవలసి వస్తే ఏం చూడాలి? ప్రీమియం చివర చూడండి. ముందు కో-పే చూడండి, అంటే ప్రతి బిల్లులో మన వాటా ఎంత అని. అయిదు శాతమున్నవి ఉన్నవి, ఇరవై, ముప్పై శాతమున్నవి కూడా ఉన్నవి. తరువాత గది కిరాయి. ఇది చాలామందికి తెలియని గొయ్యి, లెక్కల మాస్టరు కాకపోయినా ఒక లెక్క చెబుతాను. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్మే ఆరోగ్య సంజీవని అనే పాలసీ ఉన్నది. 5 లక్షల పాలసీలో గది కిరాయి రోజుకు 5 వేలు మించకూడదు. మనవాళ్లేమో, చూడవచ్చే చుట్టాలు ఎక్కువ, పెద్ద గది కావాలంటారు. రోజుకు 10 వేల గది, అయిదు రోజులు, 50 వేలు. డాక్టర్లు, ఆపరేషను థియేటరు 1,20,000. మందులు 60 వేలు. మొత్తం 2,30,000. గదిలో సగమే ఒప్పుకుంటారు, 25 వేలు. అక్కడితో ఆగరు. గది సగమే చెల్లింది కాబట్టి డాక్టర్లు, థియేటరు ఖర్చు కూడా సగమే, 60 వేలు. మందులు మాత్రం పూర్తిగా 60 వేలు. వెరసి 1,45,000. అందులో మన అయిదు శాతం 7,250 తీసేస్తే చేతికి వచ్చేది 1,37,750. మన జేబు నుంచి 92,250. అయిదు వేల గదిలో పడుకుంటే మన వాటా పది వేల దరిదాపుల్లో తేలిపోయేది. చుట్టాలను వరండాలో కూర్చోబెట్టండి, ఏం ఫరవాలేదు.

నిబంధనలు 2024 ఏప్రిల్ నుంచి మనకు కొంత అనుకూలంగా మారినవి. అరవై అయిదు దాటినవాడికి కొత్త పాలసీ లేదనే పాత మాట పోయింది. ముందునుంచి ఉన్న రోగానికి ఆగవలసిన గడువు నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. అయిదేళ్లు వరుసగా ప్రీమియం కట్టినాక, మోసం రుజువైతే తప్ప, ఫలానాది చెప్పలేదని క్లెయిము నిరాకరించరాదు. పూర్వం ఇది ఎనిమిదేళ్లు. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో తిప్పి పంపవచ్చు. 2025 జనవరి నుంచి, నియంత్రణ సంస్థతో సంప్రదించకుండా పెద్దవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచరాదు. కంపెనీతో తగాదా తెగకపోతే హైదరాబాదులోనే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. అక్కడ రుసుం లేదు, వకీలు అక్కరలేదు. ఒక తెల్ల కాగితం మీద రాసుకోవటమే.

కాని వీటన్నిటికీ పునాది ఫారం. షుగరు ఉంటే ఉన్నదని రాయండి, ఎన్నేళ్లో రాయండి. ప్రీమియం పెరగనీయండి. మూడేళ్లు ఆగుదురుగాక. ఫారం ఏజెంటు నింపినా సరే, ప్రతి ప్రశ్నా మీ పిల్లల చేత గట్టిగా చదివించుకుని విన్నాకనే దస్తఖత్ చేయండి. బడికి పోయే పిల్ల ఇంట్లో ఉంటే చాలు.

ఈ సభలో కొందరి మనసులో ఉన్న ఇంకొక ప్రశ్న నాకు తెలుసు. బీమా జాయిజా, కాదా? నేను పంతులునే గాని ముఫ్తీని కాను. 1985లో జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ వ్యాపార బీమాను ఒప్పుకోలేదు, పరస్పర సహకారంతో నడిచే బీమాను ప్రత్యామ్నాయంగా చూపించింది. మన దేశపు పరిస్థితులను బట్టి వేరుగా చెప్పిన ఉలమాలు కూడా ఉన్నారు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి నడుచుకోండి. నేను చెప్పగలిగింది ఇంతే: ఆరోగ్యశ్రీలో, వయ వందనలో మనం ప్రీమియం కట్టటం లేదు, మనం కట్టిన పన్నుల నుంచి సర్కారు చేస్తున్న ఏర్పాటు అది. ఆ ప్రశ్నకు భయపడి ఈ రెండింటిని కూడా వదిలేసినవాళ్లను నేను చూశాను. మనసుకు బాధ కలిగింది.

మామూజాన్ మాట ముగించాలి. 2025లో కొత్త రేషన్ కార్డులు ఇచ్చినప్పుడు ఈసారి నేనే దరఖాస్తు రాశాను. పేరు ఆధార్‌లో ఒక తీరు, పాత పాస్‌పోర్టులో ఒక తీరు ఉంటే, సరిచేయించటానికి మీసేవ చుట్టూ నాలుగుసార్లు తిరిగాము. కార్డు వచ్చింది. మొదటి నెల బియ్యానికి ఆయనే సంచి పట్టుకుని నిలబడ్డారు. నేను వెనక నిలబడ్డాను. "ఏం రా మాస్టర్, నామోషీగా ఉన్నదా?" అని అడిగారు. నాకు జవాబు రాలేదు. ఆయనకింకా డెబ్బయి నిండలేదు, ఆధార్ ప్రకారం, ఆయన కూడా జనవరి 1న పుట్టినవారే.

మన బీడీలు చుట్టే తల్లులకు, ఒంటరిగా ఉన్న బుజుర్గులకు ఈ మీసేవ చుట్టూ తిరిగే ఓపిక లేదు. అందుకని పైతరగతుల నా విద్యార్థులు పదకొండు మంది ముందుకు వచ్చారు. వచ్చే ఆదివారం నుంచి నాలుగు ఆదివారాలు జొహర్ నమాజు తరువాత మన సొసైటీ గదిలో బల్లలు వేసి కూర్చుంటాము. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఏదన్నా పాలసీ ఉంటే దాని కాగితాలు, మందుల చీటీలు అన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. పేర్లు కలిసినవో లేదో పిల్లలు చూస్తారు, కలవనివి రాసి పెడతారు. స్త్రీలకు వేరే గది, అక్కడ ఆడపిల్లలే ఉంటారు. ఛాయ్ ఖర్చు నాది. మొదటి ఆదివారం మామూజాన్ కూడా వస్తారు. ఆ పాత ఫారం నకలు ఆయన దగ్గరే ఉన్నది, చూడాలనుకున్నవారు చూడవచ్చు.